సుద్దగీతల ఓడ

కత్తెరమ్మ పెళ్ళి చేసుకుంటోందని తెలియగానే వీధి వీధంతటికీ వచ్చిన మొదటి అనుమానం ఒక్కటే. మరి పెళ్ళిబట్టలు ఎవరు కుడతారు? ఎవరింట్లో పెళ్ళయినా బట్టలు వెళ్ళేది ఆవిడ కొట్టుకే కదా. చివరికి తనవి తానే కుట్టుకుంది, పెళ్ళికొడుకు కోటూ తానే కుట్టింది. పెళ్ళి జరుగుతున్నంతసేపూ ఆవిడ చూపు పెళ్ళికొడుకు మొహం మీద కాకుండా అతని ఎడమ భుజం దగ్గర పడ్డ ముడత మీదే ఉందని చూసినవాళ్ళు చెప్పుకుని నవ్వారు. అబద్ధమేమీ కాదు. కొలతలు సరిగ్గానే తీసింది, కుట్టు సరిగ్గానే వేసింది, మరి ఆ ముడత ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆవిడకి ఎంతకీ అర్థం కాలేదు.

అప్పటికి ఆవిడకి యాభై దగ్గరపడింది. ఇన్నేళ్ళూ ఎందుకు చేసుకోలేదంటే, చెప్పుకోడానికి పెద్ద కథ కూడా లేదు. ప్రేమించి మోసపోయిందీ కాదు, నెత్తిన బాధ్యతలు పడి చితికిపోయిందీ కాదు. తీరిక దొరకలేదు, అంతే. ఒకరి చొక్కాకి చేతులు పొట్టి చేసేలోపు ఇంకొకరి నడుం పెద్దదయ్యేది. కింద కొట్టు, పైన ఇల్లు. మెట్లు దిగితే పని, మెట్లెక్కితే అన్నం, నిద్ర. మధ్యలో మొగుడు ఎక్కడ పడతాడు చెప్పండి?

అలాంటి కొట్లోకి లిఫ్టులు బాగుచేసే ఆయనొకడు చిరిగిన ప్యాంటు జేబుతో వచ్చాడు. పానాలూ స్క్రూడ్రైవర్లూ జేబులో కుక్కుకుని తిరిగే మనిషి, జేబు చిరక్కేం చేస్తుంది? మార్చి ఇచ్చింది. వారం తిరక్కుండా మళ్ళీ చిరిగింది. మళ్ళీ మార్చింది. మళ్ళీ చిరిగింది. వచ్చినప్పుడల్లా అతను కటింగు బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఆవిడ చేతుల వంకే చూస్తూ, ఊళ్ళో లిఫ్టులన్నిటి గుణగణాలూ వినిపించేవాడు. ఏది మొండిది, ఏది పిరికిది, ఏది మూడో అంతస్తు దగ్గర అలిగి ఆగిపోతుంది, అన్నీ. కత్తెరమ్మ ఊఁ కొడుతూ కుట్టుకుపోయేది. చివరికి విసుగొచ్చి, గుడారాలకి వాడే గుడ్డతో జేబు వేసి, "ఇంక ఈ జన్మకి చిరగదు, పొండి" అంది.

అతను జేబులో చెయ్యి పెట్టి గట్టిగా గుంజి చూశాడు. మొహం పాలిపోయింది. రెండ్రోజులు ఆ ఛాయలకి రాలేదు. తర్వాత వచ్చి, స్టూలు మీద కూడా కూర్చోకుండా, "అది నిజంగానే చిరగట్లేదండీ. నాకింకో దారి కనబడలేదు. మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు.

కత్తెరమ్మ నోట్లో అప్పుడు గుండుసూదులున్నాయి. అవి ఒక్కొక్కటీ తీసేదాకా జవాబు చెప్పడానికి లేదు. తీసేలోపు మనసు ఒప్పేసుకుంది.

పెళ్ళయ్యాక హనీమూను మాట ఎత్తింది అతనే. ఏ పక్కూరో వెళ్ళి రెండ్రోజులుండి వద్దామంటాడేమో అనుకుంది ఆవిడ. అతను యూరప్ అన్నాడు. అందులో ఒక దేశం కాదు, దొరికినన్ని దేశాలు. రైళ్ళలో తిరిగి తిరిగి, ఆఖర్న ఓడెక్కాలి.

"ఉద్యోగంలో చేరినప్పట్నించీ పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడు అడ్డంగా పోవాలనుంది," అన్నాడు.

ఇదీ అతని సిద్ధాంతం. రైలు అడ్డంగా పోతుంది, ఓడ అడ్డంగా పోతుంది. విమానం పైకి లేచి కిందికి దిగుతుంది కాబట్టి అది ఉత్త లిఫ్టే. వెళ్ళడానికీ రావడానికీ తప్పదు కనక దాన్ని పెద్దమనసుతో క్షమించాడు.

మర్నాడే ఎక్కణ్ణుంచో పెద్ద యూరప్ మ్యాపు పట్టుకొచ్చి ముందుగదిలో గోడకి అంటించాడు. కత్తెరమ్మ మొదట దాని వంక అనుమానంగా చూసింది. నేలంటారు గానీ, అంచులన్నీ పీలికలు పీలికలుగా ఉన్నాయి, ఒక్కటీ తిన్నగా కత్తిరించలేదు. కానీ చేతులు ఊరుకోవుగా. ఎర్రదారం తెచ్చి, పారిస్ దగ్గర ఒక గుండుసూది గుచ్చి, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్ కొండల మీదుగా వియన్నాకి, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి, మళ్ళీ వెనక్కొచ్చి ఇటలీలోకి దారి కుట్టింది. ఇటలీ రేవు దగ్గర ఎర్రదారం ముడేసి, నీలం దారం అందుకుని గ్రీసు దీవులన్నీ చుట్టబెట్టింది. ఎరుపంటే రైలు, నీలమంటే ఓడ. చూడ్డానికి బాగుంది. అతను ముచ్చటపడి, "పోర్చుగల్ కూడా కలుపుదాం," అన్నాడు.

"పోర్చుగల్ ఎక్కడ, బుడాపెస్ట్ ఎక్కడ? దారం చాలొద్దా?" అంది ఆవిడ.

అక్కణ్ణుంచి రోజూ ఇదే తంతు. సాయంత్రం కొట్టు కట్టెయ్యడం, మెట్లెక్కడం, మ్యాపు ముందు నిలబడడం. అతనో దేశం కలుపుతాడు, ఆవిడో దేశం విప్పుతుంది. అతను రైల్లో రెండు పడకలూ ఒకదాని మీద ఒకటి ఉంటే పైదెవరిదో తేల్చాలంటాడు. ఇన్నాళ్ళూ పైకీ కిందికీ తిరిగింది చాలలేదా అని ఆవిడ కిందది అతనికే ఇచ్చేస్తుంది. ఓ వారం నార్వే వచ్చింది, చలికి కోట్లు కుట్టాలని పోయింది. మధ్యలో అతని అక్కగారు వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఏ మాటైనా సూదిమందులాగే, ముందూ వెనకా చూడకుండా దింపేస్తుంది.

"బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టుంది మీ వరస. టికెట్టే లేదు, పడక ఎవరిదో పంచేసుకుంటున్నారు," అంది.

"కుల్ల ముందే కుట్టుకుంటే తప్పేముంది వదినా? పుట్టాక కుడదామంటే తీరికుంటుందా?" అంది కత్తెరమ్మ.

అలా గడిచి గడిచి, ఒక సాయంత్రం అన్నీ కుదిరాయి. రైళ్ళు కుదిరాయి, ఓడ కుదిరింది, ఓడలో బుల్లి బాల్కనీ ఉన్న గది దొరికింది. సోమవారం సాయంత్రం దాకా ఆ గది మీకోసం ఆపి ఉంచుతామని ఓడ కంపెనీవాళ్ళు చెప్పారు. ఆలోపు ఒక్క బటన్ నొక్కితే చాలు. అతను కంప్యూటర్ ముందు ఇంకో కుర్చీ వేసి, "రా, ఇద్దరం కలిసి నొక్కుదాం," అని పిలిచాడు.

కత్తెరమ్మ రాలేదు. "ఉండండి, ఇంకా కచ్చా కుట్టే," అంది.

ఆ మాట అర్థం కావాలంటే ఆవిడ పని తెలియాలి. ఎంత నమ్మకమైన కొలతలున్నా ఆవిడ ఏ బట్టకీ ఒకేసారి మిషను కుట్టు వెయ్యదు. ముందు చేత్తో పొడుగు పొడుగు కుట్లు, లాగితే వచ్చేసేవి, వేసి పెడుతుంది. అదీ కచ్చా కుట్టు. మనిషి వచ్చి, తొడుక్కుని, కూర్చుని, లేచి, చేతులెత్తి చూపించాకే పక్కా కుట్టు. ముప్పై ఏళ్ళలో ఈ పద్ధతి తప్పింది లేదు. హనీమూనైతే మాత్రం ఏం, బట్ట కాదా అన్నట్టు మాట్లాడింది.

అతను అదేదో ముద్దుమాట అనుకుని నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆవిడకి లోపల గుబులుగా ఉంది. గుబులు ఓడంటే కాదు, నీళ్ళంటే అంతకన్నా కాదు. ఈ మనిషి తనని చూసిందంతా పని చేస్తుండగానే చూశాడు. స్టూలు మీద కూర్చుని చూసింది దారం ఎక్కించే చేతుల్ని, కత్తెర పట్టిన వేళ్ళని. పెళ్ళయ్యాక కూడా అంతే, అతను పని నుంచి వచ్చేసరికి ఆవిడ మిషను మీదే ఉంటుంది, పైకొచ్చాక కూడా ఏ బొత్తాం కాజాలో కుడుతూనే కబుర్లు వింటుంది. పని లేకుండా ఊరికే కూర్చున్న కత్తెరమ్మని అతను ఎరగడు. ఆ మాటకొస్తే ఆవిడా ఎరగదు. అన్ని వారాలు, అంత చిన్న గదిలో, మిషనూ కత్తెరా లేని ఆ ఆడమనిషి అతనికి నచ్చకపోతే? తీరా నడిసముద్రంలో ఆ సంగతి బయటపడితే, దిగి ఇంటికొచ్చేద్దామన్నా కుదరదు.

ఈ భయాన్ని బయటికి చెప్పలేదు. "ఆదివారం ట్రయల్ వేద్దాం," అంది. "ఇక్కడే, ఈ ముందుగదిలో ఓడ గది గీసుకుని, పొద్దున్నించీ పొద్దుపోయేదాకా అందులోనే ఉందాం. పని ముట్టుకోకూడదు. సరిపోతే నొక్కుదాం, లేకపోతే లేదు."

అతను ఎగిరి గంతేశాడు. అతనిదీ అదే పద్ధతి మరి. లిఫ్టు బాగుచేశాక మనుషుల్ని ఎక్కనివ్వడు, ముందు ఖాళీగా పైకీ కిందికీ తిప్పి చూస్తాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందుగదిలో గెలిచి మధ్యధరా గెలుద్దాం," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే సామాన్లు గోడవారకి నెట్టేశారు. ఓడ కంపెనీ బొమ్మలో గది కొలతలున్నాయి. కత్తెరమ్మ టేపూ సుద్దముక్కా తీసుకుని నేల మీద వంగి చకచకా నాలుగు గీతలు గీసి లేచింది. కొలతంటే ఆవిడ తర్వాతే ఎవరైనా. అతను కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఎందుకైనా మంచిదని తన ఇనప టేపుతో సరిచూశాడు. సరిపోలేదు. సుద్ద అందుకుని, లోపలగా ఇంకో నాలుగు గీతలు గీశాడు.

"అదేంటి, నా గీత ఉండగా?" అంది ఆవిడ.

"నీది పెద్దదైంది."

"పెద్దదెందుకవుతుంది? కొలత ప్రకారం గీసి, చుట్టూ మూరెడు మార్జిన్ వదిలాను."

"గదికి మార్జిన్ ఎందుకు?"

"ఎందుకంటే? రేపు బిగుతైతే విప్పుకోవద్దూ? జాకెట్టుకి వేలెడు వదుల్తాం, గది పెద్దది కాబట్టి మూరెడు." చెప్తుంటేనే తను చేసిన పని ఆవిడకి తెలిసొచ్చింది. కానీ ఇంతమటుకు వచ్చాక ఒప్పుకుంటారా ఎవరైనా? "మీది మాత్రం? కొలత కన్నా చిన్నగా ఉందేం?"

అతను తల గోక్కున్నాడు. "చుట్టూ జానెడు తగ్గించాను. గోడకి రాసుకోకూడదుగా."

"ఏది రాసుకోకూడదు?"

"గది."

ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ కలిపింది, అతని చెయ్యి లిఫ్టుల అలవాటు కొద్దీ తీసేసింది. అసలు గది ఆ రెండు గీతలకీ మధ్యలో ఎక్కడో ఉంది, దాని మీద మాత్రం ఎవరూ గీత గీయలేదు. చెరిపి మళ్ళీ గీద్దామని ఇద్దరికీ తోచింది గానీ ముందు ఎవరు చెరపాలో తేలలేదు. అందుకని ఓడ రెండు గీతలతోనే బయల్దేరింది.

బయల్దేరడం మాత్రం ఘనంగా జరిగింది. అతను దోసిలి నోటికడ్డం పెట్టుకుని ఓడ కూత కూశాడు. ఎదురింటి కుక్క జవాబిచ్చింది. మంచం బదులు పరుపు, బల్ల బదులు పెట్టె, కిటికీ పక్కన రెండు కుర్చీలు. బాల్కనీ అంటే నిజం బాల్కనీయే, దాని అవతల వీధి సముద్రం. గీత దాటితే నీళ్ళలో పడ్డట్టు. బాత్రూంకి వెళ్ళాల్సి వస్తే, ఓడలో అది గదిలోనే ఉంటుంది కాబట్టి, ఏమీ జరగనట్టు మొహం పెట్టి వెళ్ళిరావాలి.

మొదట్లో కత్తెరమ్మకి నవ్వొచ్చింది. ఆ తర్వాత చేతులు అడ్డం రావడం మొదలుపెట్టాయి. ఒళ్ళో పెట్టుకుంటే అతిథుల్లా కూర్చున్నాయి. కుర్చీ చేతుల మీద పెడితే పళ్ళు పీకించుకోడానికి వచ్చినట్టుంది. కట్టుకుంటే కోపమొచ్చిందనుకుంటాడేమో. అతనేమో హుషారుగా, "అదిగో ఆ కూరగాయల బండి కనిపిస్తోందే, అది సాంటోరిని దీవి," అని మొదలుపెట్టి, సాంటోరిని నుంచి తన చిన్నప్పటి బడిలోకి, బడిలోంచి మొదటి లిఫ్టులోకి, ఆ లిఫ్టులో ఇరుక్కుపోయిన లావుపాటి లాయరులోకి వెళ్ళిపోయాడు. కొట్లో అయితే ఈ మాటలన్నీ మిషను చప్పుడులో కలిసి వినసొంపుగా ఉండేవి. ఇప్పుడు అవొక్కటే ఉన్నాయి. పెళ్ళయ్యాక మొదటిసారి కత్తెరమ్మకి మొగుడి గొంతు ఎంత పెద్దదో తెలిసింది.

లాయరుని లిఫ్టులోంచి బయటికి తీసేసరికి అతని చూపు కర్టెన్ మీద పడింది. కిటికీ కర్టెన్ కింది మడత సగం విప్పేసి ఉంది. కత్తెరమ్మ వేళ్ళు, ఆవిడకి చెప్పకుండానే, ఆ కుట్టు లాగేసి మళ్ళీ మడత పెడుతున్నాయి.

"దొంగ దొరికింది!" అని అరిచాడు. "ఓడ కర్టెన్ విప్పేస్తే కెప్టెన్ ఊరుకోడు."

కత్తెరమ్మ నవ్వలేదు. కర్టెన్ వదిలేసింది.

మధ్యాహ్నం నర్సు వదిన అన్నం క్యారియరు పట్టుకొచ్చింది. అదే ఓడలో విందని ముందే ఒప్పందం. గుమ్మంలో ఆగి నేల వంక చూసి, "ఇందులో ఓడేది?" అంది.

"లోపలి గీత," అన్నాడు తమ్ముడు.

"బయటి గీత," అంది మరదలు.

వదిన వచ్చి తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. ఏమీ తోచక క్యారియరు పెట్టె మీద పెట్టేసి, "కాలు తడవకుండా సముద్రమైనా దాటొచ్చు గానీ, కన్ను తడవకుండా సంసారం దాటలేరంటారు. మీరు మొదటిది చేసేశారు, మిగతాది చూసుకోండి," అని, సాయంత్రం టీకి వస్తానని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది.

అన్నాలయ్యాయి. గిన్నెలు కడుగుతానని కత్తెరమ్మ ఆశగా లేచింది. ఓడలో గిన్నెలు కడగరని అతను గుర్తుచేశాడు. మళ్ళీ కూర్చుంది. అతను వియన్నా రైలు గురించి ఎత్తుకున్నాడు. ఆ రైల్లో తను ఏ కుర్చీలో కూర్చుంటాడో, ఆవిడ ఏ కుర్చీలో కూర్చుంటుందో, ఆవిడ అక్కడ కిటికీ పక్కన కూర్చుని కుడుతుంటే ఎంత బాగుంటుందో.

"కుడుతుంటేనా?" అంది కత్తెరమ్మ.

"అంటే, చిన్నదేదైనా. ఏ రుమాలో," అన్నాడు అతను మామూలుగానే.

అప్పుడు తెగింది దారం. ఆవిడ లేచి నిలబడింది.

"నాకు ముందే తెలుసు. నువ్వు చేసుకుంది నన్ను కాదు. నా చేతుల్ని! స్టూలు మీద కూర్చుని చూసింది వాటినే, మెచ్చింది వాటినే. ఓడలో అవి ఊరికే ఉంటాయి. అప్పుడు నువ్వెవర్ని చూస్తూ కూర్చుంటావు? పొద్దున్నించీ ఊరికే కూర్చున్నాను, నా మొహంలో నాకే ఏమీ కనబడట్లేదు. నీకేం కనబడుతుంది?"

నర్సు వదిన చెప్పిన ఆ కన్ను తడవడం కూడా ఆ పూటే అయిపోయేలా ఉంది. కత్తెరమ్మ మొహం అటు తిప్పేసుకుని, అతని గీత దాటి, తన గీత దాటకుండా, మధ్యలో ఉన్న ఆ కాస్త జాగాలో గోడకి చేరగిలబడి కింద కూర్చుండిపోయింది. "ఇది నా మార్జిన్. మీ గదిలోది కాదు," అంది.

అతను మెల్లగా, "ఇందాక నువ్వన్నావు," అన్నాడు.

"ఏమన్నాను?"

"నన్ను 'నువ్వు' అన్నావు. ఇన్నాళ్ళూ మీరూ మీరూ అని జేబు కుట్టించుకోడానికి వచ్చినవాణ్ణి అన్నట్టే అంటున్నావు."

"మాట మార్చకు," అంది. మళ్ళీ అనేసింది.

అతను వచ్చి గీతకి ఇవతల, ఆవిడ పక్కనే, నేల మీద కూర్చున్నాడు. "చేతుల్నే చూశాను, నిజమే. నువ్వు తలెత్తితే కదా మిగతాది చూడ్డానికి? నాకూ భయంగానే ఉంది. నేను నోరు మూస్తే నా దగ్గర వినడానికేం ఉంటుంది, అందుకే మూయను." కాస్త ఆగి, "ఓ పని చేద్దాం. నువ్వు పని ముట్టుకోకు, నేను మాట్లాడను. ఇద్దరికీ చేతకానిదే చేద్దాం. ఎవరు ముందు ఓడిపోతారో చూద్దాం," అన్నాడు.

"నువ్వే," అంది కత్తెరమ్మ ముక్కు తుడుచుకుంటూ.

జవాబివ్వడానికి అతను నోరు తెరిచి, గుర్తొచ్చి, మూసేశాడు.

గది నిశ్శబ్దమైపోయింది. నిశ్శబ్దమంటే నిజం నిశ్శబ్దమేం కాదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పక్కవాటాలో కుక్కరు ఈల వేసింది. బాల్కనీలోంచి ఎండ వచ్చి సుద్దగీత మీద పడింది. కత్తెరమ్మ వేళ్ళు మోకాలి మీద కాసేపు ఉత్త కుట్లు వేశాయి. ఏ గుడ్డా అందకపోయేసరికి అవీ విసిగిపోయి ఆగిపోయాయి. ఆవిడ ఎండ వంక చూసింది. పట్టపగలు ఈ గదిలోకి ఇంత ఎండ వస్తుందని ఆవిడకి తెలియదు, ఆ వేళప్పుడు ఎప్పుడూ కిందే ఉండేది. అది గీత మీద నుంచి జరిగి పరుపు మీదికి ఎక్కుతోంది. దాన్నే చూస్తోంది, చూస్తోంది.

కళ్ళు తెరిచేసరికి ఎండ లేదు. గదిలో సాయంత్రపు మసక వెలుతురు. కత్తెరమ్మకి మొదట తనెక్కడున్నదీ తెలియలేదు. పగలు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో, అసలు ఎప్పుడైనా పోయిందో లేదో కూడా గుర్తులేదు. తల ఏదో మెత్తటి ఒంపులో, దాని కొలతకే కత్తిరించినట్టు, సరిగ్గా ఇమిడి ఉంది. ఎదురుగా కుర్చీలో నర్సు వదిన నోటి మీద వేలు పెట్టుకుని కూర్చుని, ఇంకో చేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది.

"బతికే ఉన్నాడు," అంది వదిన. "చెయ్యి మాత్రం మొద్దుబారి చల్లబడిపోయింది. నేనొచ్చి ఎంతసేపైందో! గంట కొడితే తియ్యలేదు, నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చాను. ఫోను మోగుతుంటే పరుపు కిందకి తోశాడు. ఏంట్రా అంటే కళ్ళెర్రజేశాడు. పుట్టాక వీడు నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడ్డం ఇదే. పుట్టినప్పుడైనా ఏడుస్తూనే పుట్టాడు."

కత్తెరమ్మ తల తిప్పి మొగుడి మొహం చూసింది. పెదాలు బిగబట్టి ఉన్నాడు. మాటలన్నీ బుగ్గల్లో నిండి ఉన్నాయి. ఆ కళ్ళల్లో విసుగు కోసం వెతికింది, గట్టిగానే వెతికింది. లేదు. ఇంతసేపూ తను కుట్టింది లేదు, కత్తిరించింది లేదు, ఒక్క మాటైనా మాట్లాడింది లేదు. నోరు తెరుచుకుని గురక కూడా పెట్టి ఉంటుంది. అయినా ఈ మనిషి లేచి పోలేదు. చెయ్యి చచ్చుబడిపోతున్నా కదల్లేదు.

ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దాచుకోలేదు. నర్సు వదిన తృప్తిగా తలాడించి, టీ పెట్టడానికి గీతలన్నీ తొక్కుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడు చూసింది కత్తెరమ్మ, తన తల ఆనిన చోటు. అతని ఎడమ భుజం. కుడిదాని కన్నా అది బాగా కిందికి జారి ఉంది. ఏళ్ళ తరబడి పనిముట్ల సంచీ వేలాడిన భుజం, జారకేం చేస్తుంది?

"ఈ భుజం ఇలా ఉందని నాకు తెలీదేం?" అంది. "కొలతలప్పుడు సమానంగా ఉంది. ట్రయలప్పుడూ సమానంగానే ఉంది."

ఆట ఇంకా అవలేదని అతను సైగ చేశాడు.

"ఆట అయిపోయింది, చెప్పు. నేనే ఓడిపోయాను."

"నీ ముందు నిలబడేప్పుడు ఎత్తి పెట్టుకునేవాణ్ణి," అన్నాడు అతను, ఎన్నాళ్ళకో నోరు తెరిచినవాడిలా బొంగురుగా. "కొలతలు తీసినప్పుడల్లా. వంకర మనిషిననుకుంటావేమోనని."

పెళ్ళినాటి ముడత ఎక్కణ్ణుంచి వచ్చిందో కత్తెరమ్మకి ఇన్నాళ్ళకి తెలిసింది. తనేమో చేతులు చూపించి మొహం దాచుకుంది, ఇతనేమో భుజం ఎగేసి నిలబడ్డాడు. ఇద్దరిదీ ఒకటే బుద్ధి. ఇద్దర్నీ ఒక గదిలో పడేస్తే ఏం మునిగిపోతుంది?

"పద, ఆ బటన్ నొక్కు. మిషను కుట్టు వేసెయ్," అంది.

"చెయ్యి లేవట్లేదు. నువ్వే నొక్కు."

కత్తెరమ్మ రెండు గీతలూ దాటి వెళ్ళి, సూది పోట్లతో గరుకుబారిన వేలితో బటన్ నొక్కి వచ్చింది. అంత చిన్న పనికి అన్ని దేశాల పేర్లు తెర మీద బారులు తీరాయి. వచ్చి మళ్ళీ తన మార్జిన్‌లోనే, అతని పక్కనే కూర్చుంది.

అతను మొద్దుబారిన చేతిని రెండో చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని నలుపుకుంటున్నాడు. "ఓడలో ఒకరోజు విందుకి కోటు వేసుకోవాలట. ఆ ముడత సరిచెయ్యొచ్చా?" అని అడిగాడు.

"ఎంతసేపు? ఆ భుజంలో కాస్త దూది పెట్టి ఎత్తిస్తే పోతుంది."

"అయితే పెట్టు."

కత్తెరమ్మ ఆ భుజం వంక చూసింది. ఇన్నేళ్ళలో ముడత ఉన్న బట్టని ఎవరికీ ఇవ్వని మనిషి.

"పెట్టను," అంది. "పెడితే నా తలెక్కడ పెట్టుకోను?"